నచ్చలేదనడానికీ ఒక పేజీ నెంబరుండాలి

కావలి నుంచి ఒక పాఠకురాలు అడిగింది క్లుప్తంగా ఇదీ. వాళ్ళ శాఖా గ్రంథాలయంలో నెలకో ఆదివారం పదిమంది దాకా కూడి, చదివిన నవలల గురించి మాట్లాడుకుంటున్నారు. ఒక్కొక్కరికి పది నిమిషాలు. ఈ మధ్య ఆమె చదివినవి నాలుగు: గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’, డాక్టర్ పి. శ్రీదేవి ‘కాలాతీత వ్యక్తులు’, కేశవరెడ్డి ‘అతడు అడవిని జయించాడు’, సగం దాకా బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’. లేచి నిలబడితే ‘బాగుంది’, ‘బోరు కొట్టింది’ తప్ప నోట మాట రావడం లేదట. ‘అసమర్థుని జీవయాత్ర’ నాయకుడు సీతారామారావును చూస్తే ఒళ్ళు మండింది, అంటే నవల నచ్చనట్టేనా? బుచ్చిబాబును మధ్యలో వదిలేయడం తప్పా? మన నెల్లూరు, ఒంగోలు వైపు మాట వినిపించే పుస్తకం ఏదైనా సభలో పెట్టొచ్చా? ఇవీ ఆమె ప్రశ్నలు.

సీతారామారావు దగ్గర మొదలుపెడదాం. మీకు ఒళ్ళు మండిందంటే నవల పనిచేసిందనే అర్థం. ఆ మనిషిని మనం ప్రేమించాలని గోపీచంద్ రాయలేదు. చేతికొచ్చిన ఆస్తిని వంశప్రతిష్ఠ పేరు చెప్పి కరగదీసుకుంటాడు. కరిగిపోయాక తప్పంతా లోకానిదంటాడు. దీన్ని తెలుగులో తొలి మనోవైజ్ఞానిక నవల, అంటే మనిషి మనసు లోపలి నడకను చూపే నవల అంటారు. ఆ మాట పరీక్ష కాగితానికి సరిపోతుంది గానీ సభలో చాలదు. ఆ మనోవైజ్ఞానికం ఈ పుస్తకంలో ఏ పనిగా కనబడుతోందో చూపించాలి. అందుకో తేలిక పద్ధతి ఉంది. తెల్లకాగితం ఒకటి నిలువుగా మడవండి. ఎడమ పక్క ‘అనుకున్నది’, కుడి పక్క ‘చేసింది’ అని రాయండి. ప్రకరణానికి రెండు మూడు చొప్పున, అతను తనలో తాను తర్కించుకున్న మాటలు ఎడమ వైపు, అదే ప్రకరణంలో నిజంగా చేసిన పని కుడి వైపు, పేజీ నెంబరుతో సహా రాసుకుంటూ పోండి. నాలుగైదు ప్రకరణాలయ్యేసరికి ఎడమ వైపు కాగితం నిండిపోతుంది, కుడి వైపు బోసిగా ఉంటుంది. ఆ తేడాయే ఈ నవల. అతని తర్కం వింటున్నంతసేపూ సబబుగానే ఉంటుంది. పక్కన పని పెట్టి చూస్తేనే అసమర్థత బయటపడుతుంది.

కాబట్టి సభలో ‘సీతారామారావు నచ్చలేదు’ అని ఆగకండి. ‘ఫలానా ప్రకరణం దాకా అతని వాదం నాకు సరిగానే తోచింది, ఫలానా పేజీలో భార్యాబిడ్డల విషయంలో అతని ప్రవర్తన చూశాక నమ్మకం పోయింది’ అనండి. ఆ నమ్మకం పోయే చోటు ఒక్కో చదువరికి ఒక్కో పేజీలో వస్తుంది. కొందరికి మొదటి ఇరవై పేజీల్లోనే, కొందరికి చివరి శ్మశాన ఘట్టంలో. పదిమంది పది పేజీలు చెబితే చర్చ దానంతటదే లేస్తుంది. పుస్తకాన్ని గోపీచంద్ తండ్రికి అంకితమిచ్చిన తీరు కూడా చూడండి, ‘ఎందుకు’ అని అడగడం నేర్పినందుకు. సీతారామారావు ఆ ప్రశ్న లోకాన్నంతా అడుగుతాడు, తన్ను తాను మాత్రం ఆలస్యంగా అడుగుతాడు. అంకితం నుంచి కథకు వేసిన ఈ ముడిని ఎవరైనా సభలో విప్పితే బాగుంటుంది.

నేను చెప్పదలుచుకున్నదంతా ఇందులోనే ఉంది. అభిప్రాయానికి చిరునామా ఉండాలి. మీకు నచ్చింది, నచ్చలేదు, విసుగొచ్చింది, కన్నీళ్ళొచ్చాయి, ఏదైనా సరే, పుస్తకంలో ఎక్కడ పుట్టిందో చూపగలిగితే అది అభిప్రాయం. చూపలేకపోతే అది ఇంకా ఇష్టమో అయిష్టమో మాత్రమే. రాసుకున్న వాక్యాన్ని ఇలా పరీక్షించండి: అందులో ఈ నవల పేరు తీసేసి మరో నవల పేరు పెట్టండి. అప్పుడూ వాక్యం చెల్లుబాటవుతుంటే కొట్టేయండి. ‘పాత్రలు సజీవంగా ఉన్నాయి’, ‘సమాజానికి అద్దం పట్టింది’, ‘ఆద్యంతం ఆసక్తిగా సాగింది’, ‘శైలి అద్భుతం’. ఈ నాలుగూ ఏ పుస్తకానికైనా అతుకుతాయి, అందుకే ఏ పుస్తకం గురించీ ఏమీ చెప్పవు.

‘కాలాతీత వ్యక్తులు’ మీద ఎక్కడికి పోయినా వినబడే మాట ‘ఇందిర కాలం కంటే ముందున్న పాత్ర’ అని. పేరులోనే కాలాతీతం ఉంది కాబట్టి ఆ మాట పుస్తకం తెరవకుండా కూడా అనొచ్చు. తెరిచి చూస్తే ఏముంది? విశాఖపట్నంలో ఒక అద్దె ఇల్లు. మేడ మీద గదిలో మెడిసిన్ చదివే ప్రకాశం. కింద ఇందిర, ఆమె తండ్రి ఆనందరావు. కూతురి సంపాదన మీద ఇల్లు నడుస్తుంది. ఇప్పుడు పెన్సిల్, కాగితం పట్టుకుని, డబ్బు ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా పేజీ నెంబరు వేసి పక్కన ‘రూ’ అని రాసుకుంటూ మళ్ళీ చదవండి. ఎవరు తెస్తున్నారు, ఎవరు ఖర్చు పెడుతున్నారు, ఎవరు ఎవరికి బాకీ పడుతున్నారు అన్నది కనిపెడితే ఇందిర మాటల్లో కరుకుదనం పుట్టుబుద్ధిగా కనబడదు. రేపటి బియ్యం సంగతి తనే చూసుకోవాల్సిన మనిషి మాట అలాగే ఉంటుందని తెలుస్తుంది. నవలలోని మరో అమ్మాయి కల్యాణి మెత్తదనాన్నీ అదే లెక్కతో చూడండి. ఆ తర్వాత మీరనేది ఇలా ఉంటుంది: ‘ఇందిర స్వేచ్ఛ గురించి ఉపన్యాసాలివ్వదు, తనను ఎవరూ పోషించరని తెలిసి దానికి తగ్గట్టు మనుషుల్ని ఎంచుకుంటుంది, రచయిత్రి ఆమెను దేవతనూ చేయలేదు, శిక్షించనూ లేదు.’ ఇది ఇంకో నవలకు అతకదు. 1957–58లో ‘తెలుగు స్వతంత్ర’ పత్రికలో ధారావాహికగా వచ్చిన నవల, రాసినావిడ వృత్తిరీత్యా డాక్టరు. శరీరం గురించి, జబ్బు గురించి, కడుపాకలి గురించి ఆ గొంతులో సిగ్గూ లేదు, అతిశయమూ లేదు. నా లెక్కలో తెలుగు నవలల మొదటి వరసలో కూర్చోదగ్గది ఇది. దీని ఆధారంగా 1963లో ‘చదువుకున్న అమ్మాయిలు’ సినిమా వచ్చింది. సినిమా చూసినవాళ్ళు సభలో ఉంటే రెంటినీ కలగలపకుండా, ఏ సంగతి ఏ దాంట్లోదో ముందే విడదీసి చెప్పమనండి. లేకపోతే సగం సభ లేని సన్నివేశం మీద వాదించుకుంటుంది.

ఇక చదివేటప్పటి పని. లైబ్రరీ పుస్తకం మీద గీతలు పెట్టొద్దు. పాత కాలెండరు కాగితం రెండు అంగుళాల చీటీలుగా కోసి పెట్టుకోండి, నవలకు ఇరవై చాలు. మూడు రకాల చోట్లలో చీటీ పెట్టండి: ఆగిపోయిన చోటు, వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివిన చోటు, విసుగుపుట్టి దాటేసిన చోటు. మూడోది పెట్టడానికి చాలామంది మొహమాటపడతారు, కానీ తర్వాత ఎక్కువ పనికొచ్చేది అదే. తొలిసారి చదివేటప్పుడు చీటీ మీద పేజీ నెంబరు, ఒక మాట తప్ప ఇంకేమీ రాయకండి. పేరాలు రాస్తూ కూర్చుంటే నవల నడక తెగిపోతుంది. పేర్ల పట్టిక మాత్రం మొదటి నుంచీ వేరే కాగితం మీద ఉండాలి: పేరు, ఎవరికి ఏమవుతారు, మొదట కనబడిన పేజీ. ఉన్నవ లక్ష్మీనారాయణ ‘మాలపల్లి’ లాంటి పెద్ద నవలకు ఈ పట్టిక లేకుండా దిగితే వంద పేజీలకే ఎవరు ఎవరో తప్పిపోతారు.

చదవడం అయిపోయాక ఒక రాత్రి గడవనివ్వండి. మర్నాడు పుస్తకం తెరవకుండా పది పన్నెండు వాక్యాల్లో గుర్తున్నది రాయండి. ఆ తర్వాత తెరిచి సరిచూడండి. పేర్లు తప్పడం, సంఘటనల వరస తారుమారవడం మామూలే. అంతకంటే పెద్ద పొరపాటు ఒకటుంది, అది చదివీ చదివీ ఉన్నవాళ్ళ దగ్గరా కనబడుతుంది. ఒక పాత్ర అనుకున్న మాటను రచయిత మాటగా గుర్తుపెట్టుకోవడం. ‘ఆడవాళ్ళ గురించి బుచ్చిబాబు ఇలా అన్నాడు’ అంటారు. తెరిచి చూస్తే అది ‘చివరకు మిగిలేది’ నాయకుడు దయానిధి మనసులో, అదీ ఫలానా రోజున ఫలానా అవమానం తర్వాత మెదిలిన ఆలోచన. దాన్ని రచయిత నెత్తిన రుద్దితే నవలను అపార్థం చేసుకున్నట్టే.

ఈ తేడా పట్టుకోవాలంటే వాక్యం ఎవరి చెవి పక్కన నిలబడి మాట్లాడుతోందో గమనించాలి. ఒక చిన్న నమూనా రాస్తాను, ఏ పుస్తకంలోదీ కాదు.

‘శేషయ్యకు కోపం వచ్చింది.’

‘శేషయ్య భుజం మీది తువ్వాలు దులిపి మళ్ళీ వేసుకున్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ తీసి దులిపాడు.’

‘వీడా తనకు చెప్పొచ్చేది! నిన్నగాక మొన్న కాలవ గట్టున చెడ్డీ లేకుండా తిరిగినోడు. తువ్వాలు దులుపుకుని గేటు దాకా పోయాడు శేషయ్య.’

మొదటి దాంట్లో కథకుడు మనకు వార్త చెబుతున్నాడు, నమ్మాల్సిందే. రెండో దాంట్లో బయట నుంచి చూస్తున్నాడు, కోపమో దిగులో మనమే తేల్చుకోవాలి. మూడో దాంట్లో వాక్యం పేరుకు కథకుడిదైనా లోపల మాట్లాడేది శేషయ్యే, కాబట్టి ఆ కుర్రవాడి మీద తీర్పు శేషయ్యది. ‘అసమర్థుని జీవయాత్ర’లోనూ, ‘చివరకు మిగిలేది’లోనూ, రావిశాస్త్రి ‘అల్పజీవి’లోనూ ఈ మూడో రకం బరువెక్కువ. నవలలో ఏవైనా మూడు చోట్ల ఒక్కో పేజీ తీసి, వేరే కాగితం మీద వాక్యవాక్యానికీ 1, 2, 3 అని వేసి చూడండి. అరగంట పని. ఆ నవల మనల్ని ఎందుకంత దగ్గరగా లాగిందో, లేదా ఎందుకు ఊపిరాడనివ్వలేదో అంకెల్లో కనబడుతుంది.

‘చివరకు మిగిలేది’ మీరు ఆపేసింది కూడా ఇక్కడే అనుకుంటున్నాను. అందులో మనుషులు కదలడం తక్కువ, తలపోయడం ఎక్కువ. రోజుకు పది పేజీలు, బస్సులోనో టీవీ పక్కనో చదివితే ప్రతిసారీ దయానిధి మనసులోకి మొదట్నుంచీ దిగాల్సి వస్తుంది. దిగీ దిగగానే పుస్తకం మూసేస్తారు. తప్పు మీదీ కాదు, పుస్తకానిదీ కాదు, ఆ పది పేజీల కొలతది. ‘అతడు అడవిని జయించాడు’ లాంటిది ముక్కలుగా చదివినా తట్టుకుంటుంది. ఎక్కడ ఆపినా అందులోని ముసలాయన ఏం చేస్తున్నాడో కళ్ళకు కట్టి ఉంటుంది. బుచ్చిబాబుకు మాత్రం ఒకసారి కూర్చుంటే యాభై, అరవై పేజీలన్నా ఇవ్వాలి. రెండు గంటలు పడుతుంది. వారానికి రెండుసార్లు అలా కూర్చోగలిగితే కొన్ని వారాల్లో ఆ నవల అయిపోతుంది, మిగతా రోజులు దాన్ని ముట్టుకోకపోయినా నష్టం లేదు.

మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు మీరు ఆపిన పేజీ నుంచి కాకుండా, అంతకు ముందు ప్రకరణం నుంచి ఎత్తుకోండి. ఒక కాగితం మీద కోమలి, అమృతం, సుశీల, ఇందిర, కాత్యాయని అని రాసి పక్కన ఖాళీ వదలండి. వీళ్ళు కాక, పై వరసలో ‘తల్లి’ అని రాయండి. దయానిధి తల్లి మీద ఊళ్ళో ఉన్న అపవాదు అతణ్ణి జీవితమంతా వెంటాడుతుంది. ఆ మాట నేరుగా గానీ చాటుగా గానీ వచ్చిన ప్రతిచోటా పేజీ నెంబరు వేయండి. అప్పుడు ఒక సంగతి తేటపడుతుంది: ఒక్కో స్త్రీ దగ్గర అతను వెతుక్కునేదీ, తప్పించుకునేదీ ఆ తల్లి కథతో ముడిపడి ఉంది. విడివిడి ప్రేమకథల్లా అనిపించి విసుగు పుట్టించిన భాగాలు ఒకే దారానికి వస్తాయి. కథ రాయలసీమకు మారాక గాలి మారుతుంది. అక్కడి దాకా చదివి అప్పుడు కూడా వద్దనిపిస్తే ధైర్యంగా వదిలేయండి. వదిలేసిన నవల మీదా సభలో మాట్లాడొచ్చు, ఎక్కడ దాకా చదివారో ముందే చెప్పి, ఆ హద్దు దాటకుండా మాట్లాడితే చాలు.

విసుగుకు ఇంకా కారణాలుంటాయి, వేటికవి వేరు మందులు. వారపత్రికల్లో సీరియల్‌గా వచ్చిన నవలల్లో ప్రకరణం మొదట్లో కిందటి వారం సంగతి తిరగజెప్పడం, చివర్న బలవంతాన ఒక కుదుపు పెట్టడం ఉంటాయి. పుస్తకంగా ఏకబిగిన చదివేటప్పుడు అవి అడ్డం పడతాయి. అలాంటివి రోజుకొక ప్రకరణం చొప్పున, సీరియల్ చదివినట్టే చదివితే ఆ కుట్లు కనబడవు. విశ్వనాథ ‘వేయిపడగలు’లో సంస్కృత సమాసం దగ్గర కాలు తట్టుకుంటుంది. నిఘంటువు పక్కన పెట్టుకుని ప్రతి మాటకూ ఆగకండి, పేజీలో ఒకటో రెండో చూసి ముందుకు పోతే ఏభయ్యో పేజీకల్లా చెవి అలవాటు పడుతుంది. గట్టిగా చదివితే ఇంకా త్వరగా పడుతుంది.

కేశవరెడ్డి నవల గురించి మీరు ‘కథ చిన్నది, చెప్పడానికేముంది’ అన్నారు. చాలా ఉంది. పొద్దుగూకుతుండగా మొదలవుతుంది, ఇల్లు చేరని పందిని వెతుక్కుంటూ ఒక ముసలాయన అడవిలోకి పోతాడు, అది అక్కడ ఈని ఉంటుంది, చుట్టూ నక్కలు. అంతే. హెమింగ్వే ‘ది ఓల్డ్ మాన్ అండ్ ది సీ’ నవలలోని ముసలి జాలరితో దీన్ని పోల్చడం ఆనవాయితీ అయింది. పోల్చండి గానీ రెండు వాక్యాల్లో ముగించి తేడా దగ్గరికి రండి. ఆ జాలరి పోరాడేది సముద్రంలోని చేపతో. ఈ ముసలాయనకు అడ్డు నిలిచింది తాను చేతులారా పెంచిన పంది. కూనల్ని కాపాడుకునే తల్లికి పెంచినవాడూ నక్కా ఒకటే. ఆ రాత్రంతా నడిచే కథకు ఇరుసు ఇదే. పందులు మేపేవాళ్ళను అడిగితే ఈనిన పంది దగ్గరికి ఎవరు ఎంత దూరంలో ఆగాలో, బెదిరితే అది తన కూనల్నే ఎలా కరుస్తుందో చెబుతారు. మీ చుట్టుపక్కల ఎరుకల, యానాది పేటల్లో తెలిసినవాళ్ళుంటే పుస్తకంలోని ఆ ఘట్టాలు చదివి వినిపించండి. ఏది ఒప్పో ఏది అతిశయమో వాళ్ళు పట్టేస్తారు. అలాంటి ఒక్క వివరం సభలో చెబితే పది విశేషణాల పెట్టు.

దీని పక్కన నవీన్ ‘అంపశయ్య’ పెట్టి చదవండి. 1969లో వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఉండే రవి అనే విద్యార్థి ఒక్క రోజు. అక్కడ పొద్దున్నించి జరిగేది కొంచెమే, ఆలోచనలు మాత్రం వెనక్కీ ముందుకూ పరిగెడుతుంటాయి. ఇక్కడ కేశవరెడ్డి దగ్గర గంటగంటకూ పని ఉంది, ఆలోచన ఆ పని వెంటే నడుస్తుంది. రెంటిలోనూ సమయం తెలిపే మాటలన్నీ ఏరి వరసగా రాసుకోండి: గంట కొట్టడం, ఎండ వాలడం, చుక్క పొడవడం. ఏ గంటకు ఎన్ని పేజీలు ఖర్చయ్యాయో చూస్తే రచయితకు ఏ ఘడియ ముఖ్యమో ఆయన చెప్పకుండానే తెలుస్తుంది.

ముందుమాటల సంగతి ఒకటి గట్టిగా చెప్పాలి. తెలుగు నవలలకు ఒకటి కాదు, రెండు మూడు ముందుమాటలుంటాయి, వాటిల్లో కథ చివరిదాకా చెప్పేస్తారు. అట్ట వెనక నాలుగు వాక్యాలతో సహా అన్నిటినీ నవల అయ్యాకే చదవండి. ముందే చదివితే సభలో మీ నోట వచ్చేది ముందుమాట రాసినాయన అభిప్రాయం. తర్వాత చదివితే ఆయనతో మీకు ఎక్కడ కుదరలేదో చెప్పడానికి ఇంకో నిమిషం సరుకు దొరుకుతుంది.

ఏ ముద్రణ చదివారో కాగితం మీద రాసుకోండి. పాత నవలలు నలుగురైదుగురు ప్రచురణకర్తల చేతుల మీదుగా వచ్చి ఉంటాయి, మీ 84వ పేజీ పక్కావిడ 97వ పేజీ అవుతుంది. అందుకే పేజీతో పాటు ప్రకరణం కూడా చెప్పాలి. పుస్తకాలు సాధారణంగా పదహారు పేజీల ఫారాలుగా అచ్చయి కుట్టుపడతాయి. ఒక్కోసారి ఒక ఫారం రెండుసార్లు కలుస్తుంది, ఒక్కోసారి అసలు పడదు. కొన్నా తెచ్చుకున్నా ముందు 16, 32, 48 దాటే చోట్ల నెంబర్లు వరసగా ఉన్నాయో లేదో తిప్పి చూడండి. ‘ఇక్కడ కథ హఠాత్తుగా దూకింది, రచయిత గొప్ప ప్రయోగం చేశాడు’ అని మాట్లాడాక అది బైండింగులో పోయిన ఫారమని తేలితే బాధగా ఉంటుంది.

మన వైపు మాట గురించి అడిగారు. ముందుగా ఒకటి గుర్తుంచుకోండి, ‘ప్రకాశం జిల్లా యాస’ అని ఒక్కటి లేదు. 1970లో ఆ జిల్లా కట్టినప్పుడు ఒంగోలు, అద్దంకి వైపు గుంటూరు నుంచి, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చి చేరాయి. మాట కూడా ఆ మూడు దారుల్లోనే ఉంది. అందుకని ఎవరైనా ‘మన యాస బాగా రాశాడు’ అంటే ఏ తాలూకా అని అడగండి. యాసను తూచడానికి ‘యాడ’, ‘ఈడ’ లాంటి మాటలు చాలవు, అవి ఎవరైనా చల్లగలరు. క్రియ దగ్గర చూడండి. ‘వచ్చాడు’, ‘వచ్చుండాడు’ రెండూ మన వైపు వాడతారు గానీ రెండూ ఒకటి కాదు. ‘మామ వచ్చుండాడు’ అంటే వచ్చి ఇంకా ఇంట్లోనే ఉన్నాడని. ఆ తేడా తెలియకుండా ప్రతి ‘వచ్చాడు’నూ ‘వచ్చుండాడు’గా మార్చిన రచయిత చెవితో కాకుండా పట్టికతో రాశాడని అర్థం. పిలుపులూ చూడండి, ‘అబ్బయ్యా’ అని ఎవరు ఎవర్ని, ఏ వయసు తేడాతో పిలుస్తున్నారో. తర్వాత యాస సంభాషణల్లోనే ఉందా, కథనంలో కూడా ఉందా అన్నది. సంభాషణల్లోనే ఉంటే కథకుడు ఊరి బయట నిలబడి ఉన్నట్టు. కథనమంతా అదే మాటలో ఉంటే కథకుడు ఆ పంక్తిలో కూర్చుని అన్నం తింటున్నట్టు.

ఈ రెండోదానికి మంచి నమూనా స. వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’. నవల కాదు, కథల సంపుటి, కానీ ఒకే చోటు, ఒకే గొంతు కాబట్టి వరసగా చదివితే నవల చదివిన తృప్తి ఉంటుంది. ప్రళయకావేరి అంటే పులికాట్ సరస్సు. సూళ్ళూరుపేట, తడ వైపు తెలుగు, తమిళం పక్కపక్కన పారే చోటి మాట అది. కావలి వాళ్ళకు కూడా కొన్ని మాటలు కొత్తగా ఉంటాయి. అర్థం కాని మాటల జాబితా రాసి సభలో చదవండి, పెద్దవాళ్ళెవరో ఒకరు ‘మా అమ్మమ్మ అనేది’ అంటారు. ఈ పుస్తకాన్ని నెల్లూరు జిల్లా గ్రంథాలయాల్లో ప్రతి సభా ఒకసారైనా చదవాలని నా కోరిక.

నవలే కావాలంటే నెల్లూరులో స్థిరపడిన చంద్రలత ‘రేగడి విత్తులు’ తీసుకోండి. 1997లో తానా (ఉత్తర అమెరికా తెలుగు సంఘం) నవలల పోటీలో బహుమతి పొందింది. కోస్తా నుంచి తెలంగాణ నల్లరేగడికి తరలిపోయిన రైతుల కథ. మన వైపు నుంచీ అలా పోయిన కుటుంబాలున్నాయి కాబట్టి సభలో మాటకు కొదవ ఉండదు. అలాగే సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి ‘కొండపొలం’. కరువు కాలంలో గొర్రెల్ని తోలుకుని నల్లమలలోకి పోయే కాపరుల కథ, 2019లో తానా బహుమతి, 2021లో సినిమా. రచయిత కడప వైపు వారైనా అదే నల్లమల తూర్పు వాలు మార్కాపురం, గిద్దలూరు మీదే దిగుతుంది. ఉదయగిరి, వింజమూరు వైపు గొర్రెలు మేపేవాళ్ళు మీకు తెలిసుంటే ఇది చదివేటప్పుడు వాళ్ళతో ఒక పూట కూర్చోండి. జోడిపి, పల్ల అని వాళ్ళు గొర్రెల రకాల్ని ఒంటి రంగూ, మొహం మీది మచ్చలూ చూసి విడగొట్టే తీరు విన్నాక, నవలలో మంద ఒక గుంపుగా ఉందా, ఒక్కో జీవం విడిగా కనబడుతోందా అన్నది మీరే చెప్పగలరు. నాకు ఈ నవలలో నచ్చింది అడవిని పాఠం చెప్పే గురువుగా నిలబెట్టడం. కొంచెం బరువనిపించింది కూడా అదే, పాఠం అర్థమయ్యాక ఇంకోసారి విప్పి చెప్పే చోట్లు ఉన్నాయి. మీరు ఒప్పుకోకపోతే ఆ చోట్లు చూపించి కాదనండి.

పది నిమిషాలు ఎలా పంచుకోవాలి? రాసుకుంటే చేతిరాతలో మూడు నాలుగు పేజీలు మించకూడదు. కథ చెప్పడానికి ఒకటిన్నర నిమిషం, అదీ మొదటి మూడోవంతు కథ మాత్రమే. చదవని వాళ్ళకు ముగింపు చెప్పి ఆకలి చంపొద్దు. తర్వాత రెండు నిమిషాలు పుస్తకంలోంచి ఒక్క పేరా గట్టిగా చదవండి. ముందు రోజు ఇంట్లో రెండుసార్లు చదివి చూసుకోండి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలుస్తుంది. మిగతా టైమంతా ఆ పేరా మీదే నడపండి: ఎవరి గొంతు, ముందేం జరిగింది, ఏ మాట దగ్గర మీరు ఆగారు, ఎందుకు. చివరి నిమిషంలో మీకు కుదరని ఒక్క విషయం చెప్పండి, నచ్చిన నవలైనా సరే. రచయిత జీవితం, బిరుదులు, బహుమతులు ఒక్క వాక్యంలో దాటేయండి. చాలా సభల్లో పది నిమిషాల్లో ఆరు వాటికే పోతున్నాయి.

‘మాలపల్లి’ పెట్టాలని ఎవరో అన్నారని రాశారు. పెట్టండి, కానీ ఒక నెలకు కాదు. 1922లో వచ్చి ప్రభుత్వ నిషేధం చూసిన నవల, నిడివీ ఎక్కువే, మధ్యలో కథ ఆగి చర్చలు సాగే భాగాలున్నాయి. రెండు నెలలకు పంచి, మొదటి నెల సభలో సగం దాకా మాట్లాడుకుని, రెండో నెలకు మిగతాది ఉంచుకోండి. అందరూ ఒకే ముద్రణ తెచ్చుకోగలిగితే మేలు. శాఖా గ్రంథాలయంలో ఒక్క ప్రతే ఉంటే నెల్లూరు జిల్లా కేంద్ర గ్రంథాలయం నుంచి తెప్పించమని లైబ్రేరియన్‌కు పదిహేను రోజుల ముందే కాగితం మీద రాసివ్వండి. పాత పత్రికల్లో సీరియల్ రూపం చూడాలనుకునేవాళ్ళు వేటపాలెం సారస్వత నికేతనం దాకా వెళ్ళొచ్చు. 1918లో పెట్టిన గ్రంథాలయం, పాత పత్రికలు భద్రంగా దాచిన చోటు. కావలి నుంచి రైల్లో పొద్దున పోతే సాయంత్రానికి తిరిగి రావచ్చు. వెళ్ళే ముందు ఏ పత్రిక, ఏ సంవత్సరం అన్నది కాగితం మీద రాసుకుని వెళ్ళండి, అక్కడికి పోయాక ఆలోచించుకుంటే పూటంతా కేటలాగులోనే అయిపోతుంది.